పసుపు బుల్డోజర్ల ఊళ్ళో గులాబీ రంగు: పియోరియా రొమ్ము క్యాన్సర్ చాప్టర్ కథ

(టెక్సస్‌లో, డల్లాస్ పక్కనున్న ఇర్వింగ్‌లో తెలుగు మహిళల అక్టోబర్ గెట్‌టుగెదర్‌లో మాట్లాడింది, రికార్డింగ్ విని టైప్ చేశాం)

అందరికీ నమస్కారం. వెనక్కి వినిపిస్తోందా? సరే. గోంగూర మటన్ తిన్నాక మాట్లాడమన్నారు నన్ను, కాబట్టి ఎవరికైనా కునుకు పడితే నేనేమీ అనుకోను, గురక మాత్రం పెట్టకండి. (నవ్వులు)

అక్టోబర్ కదా, పింక్ నెల కదా, ఓ పది నిమిషాలు రొమ్ము క్యాన్సర్ అవేర్‌నెస్ మీద చెప్పు అన్నారు. నేను డాక్టర్ని కాదండీ, ముందే చెప్పేస్తున్నా, రిపోర్టులు తెచ్చి చూపించకండి. నాకు తెలిసింది ఒక్కటే, ఒక రొమ్ము క్యాన్సర్ సంస్థకి ఒక ఊళ్ళో చాప్టర్, అంటే లోకల్ శాఖ, ఎలా పుట్టింది, ఏం చేసింది, ఎలా మూతపడింది. అందులో పదకొండేళ్ళు నేను టేబుళ్ళు సర్దాను, టీషర్టులు మడతపెట్టాను. ఆ కథ చెప్తా, మిగతాది మీ డాక్టర్‌ని అడగండి.

ఊరి పేరు పియోరియా. ఇల్లినాయిలో ఉంది, చికాగో నుంచి కార్లో రెండున్నర, మూడు గంటలు, చుట్టూ మొక్కజొన్న, పక్కన ఇల్లినాయి నది. 2006లో మేము అక్కడికి వెళ్ళాం, ఎందుకంటే మనవాళ్ళు చాలామంది ఎందుకు వెళ్ళారో అందుకే, బుల్డోజర్లు చేసే క్యాటర్‌పిల్లర్ కంపెనీ. మా ఆయన కన్సల్టెంట్. ఆ ఊళ్ళో ఏం చూసినా పసుపే, బుల్డోజర్లు పసుపు, టోపీలు పసుపు, పిల్లల బొమ్మలు కూడా పసుపు. అమెరికాలో పాత సామెత ఒకటుంది, పియోరియాలో ఆడుతుందా అని. నాటకాల రోజుల్లో పుట్టిన మాట, అక్కడ ఆడితే దేశమంతా ఆడినట్టే అని లెక్క. మన దగ్గర బెజవాడ టాక్ ఏంటి అని అడగరూ, అలాగన్నమాట. మరీ పల్లెటూరు కాదు, మరీ సిటీ కాదు, అందరికీ అందరూ తెలుసు.

ఈ అందరికీ అందరూ తెలుసు అన్న దగ్గరే అసలు కథ మొదలవుతుంది.

సూసన్ కోమెన్ అని పేరు విన్నారు కదా, రొమ్ము క్యాన్సర్‌కి గుర్తుగా పెట్టుకునే పింక్ రిబ్బన్ పక్కన ఉంటుంది. చాలామంది అది కంపెనీ పేరు అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నా. అది ఒక మనిషి పేరు. సూసన్ గుడ్‌మన్, 1943 అక్టోబర్ 31న పియోరియాలో పుట్టింది, అందగత్తె అని పేరు, పెళ్ళయ్యాక కోమెన్, ఇద్దరు పిల్లలు. మూడేళ్ళు చిన్నదైన చెల్లెలు నాన్సీ. ఈ నాన్సీ డల్లాస్ వచ్చేసి నీమన్ మార్కస్ అనే ఖరీదైన షాపులో ఉద్యోగం చూసుకుంది. అక్క మాత్రం ఊరు వదల్లేదు.

1977లో సూసన్‌కి రొమ్ములో గడ్డ తెలిసింది, అప్పటికి ఆమెకి 33 ఏళ్ళు. ఇంక ఇక్కడ నేను కొంచెం ఆగుతాను, ఎందుకంటే నాన్సీ తర్వాత ఎన్నిసార్లు ఈ కథ చెప్పినా ఈ ముక్క దగ్గరే ఆగుతుంది. వాళ్ళ కుటుంబానికి ఎప్పట్నుంచో తెలిసిన డాక్టరు ఉన్నాడు, ఆయన మీద నమ్మకం, ఆయన సర్జన్ దగ్గరికి పంపాడు, ఆ సర్జన్ నయం చేస్తానన్నాడు, బస్. పైచర్మం ఉంచి లోపలి భాగం తీసేసే ఆపరేషన్ చేశారు, నయమైపోయిందన్నారు, ఈవిడ నమ్మింది. పెద్ద సెంటర్‌కి వెళ్దాం, ఇంకో డాక్టర్‌ని కూడా అడుగుదాం అని చెల్లెలు అంటే వినలేదు. డాక్టర్‌గారు ఏమనుకుంటారో! మనకి తెలీదా ఈ డైలాగు? మా ఊళ్ళో ఇప్పటికీ ఇదే, ఆయన దేవుడండీ, ఇంకో చోటికి వెళ్తే బాగోదు అని. కొన్ని నెలలకే చంక కింద ఇంకో గడ్డ వచ్చింది, అప్పటికే ఒళ్ళంతా పాకడం మొదలైంది. తర్వాత హ్యూస్టన్‌లో ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్ళారు, ఆపరేషన్ల మీద ఆపరేషన్లు, మొత్తం తొమ్మిది, కీమో, రేడియేషన్, అన్నీ అయ్యాయి. 1980 ఆగస్టులో పోయింది. 36 ఏళ్ళు.

చివర్లో ఆవిడ చెల్లెల్ని అడిగిందేంటో తెలుసా, ముందు వెయిటింగ్ రూముల గురించి అడిగిందిట. గోడలు బోసిగా ఉన్నాయి, కుర్చీలు కూర్చోలేకుండా ఉన్నాయి, ఇంతమంది ఇంతసేపు ఇలా కూర్చుంటున్నాం, నువ్వేదైనా చెయ్యి అని. నాకు ఈ మాట భలే నచ్చుతుంది, ఎందుకంటే జబ్బుతో ఉన్న మనిషికి ప్రపంచాన్ని మార్చాలని ఉండదండీ, కుర్చీ మార్చాలని ఉంటుంది.

1982లో నాన్సీ ఇక్కడే, మన డల్లాస్‌లో, ఫౌండేషన్ పెట్టింది. చేతిలో 200 డాలర్లు, ఒక చెప్పుల డబ్బా నిండా తెలిసినవాళ్ళ పేర్లు అని ఆవిడే చెప్పుకుంటుంది. నిజం చెప్పాలంటే ఆ డబ్బాలో ఉన్న పేర్లు మామూలువాళ్ళవి కాదులెండి, మొగుడు నార్మన్ బ్రింకర్ రెస్టారెంట్ల కింగు, స్టీక్ అండ్ ఏల్ ఆయనదే, తర్వాత చిల్లీస్ నడిపింది కూడా ఆయనే. మొదటి ఫంక్షన్‌కి బెట్టీ ఫోర్డ్ వచ్చింది. ఎందుకు బెట్టీ ఫోర్డ్ అంటే, 1974లో వాళ్ళాయన జెరాల్డ్ ఫోర్డ్ అమెరికా ప్రెసిడెంట్ అయిన కొద్ది వారాలకే ఈవిడకి రొమ్ము ఆపరేషన్ అయింది, దాచలేదు, నాకు ఫలానాది వచ్చింది అని చెప్పేసింది, దాంతో దేశంలో ఎంతమంది ఆడవాళ్ళు చెకప్‌కి పరిగెత్తారో. అంతకుముందు పేపర్లో ఆ మాట వెయ్యాలంటేనే జంకేవాళ్ళుట.

మనం నవ్వుకోనక్కర్లేదు. ఇక్కడ ఎంతమంది రొమ్ము క్యాన్సర్ అని నోరారా అంటారు? చెస్ట్‌లో ఏదో గడ్డ అంటాం, ఆ జబ్బు అంటాం, పెద్ద జబ్బు అంటాం. మా పిన్ని అయితే అదీ అనలేదు.

పిన్ని గురించి తర్వాత చెప్తా.

1983లో డల్లాస్‌లో విరాళాల కోసం మొదటి పరుగు పెట్టారు, రేస్ ఫర్ ద క్యూర్, ఐదు కిలోమీటర్లు, 800 మంది వచ్చారు. మూడేళ్ళకి, 1986లో, ఆ పరుగు పియోరియాకి వచ్చింది. సొంతూరు కదా, అందుకే అక్కడి చాప్టర్‌కి మెమోరియల్ అనే పేరు పడింది. పరుగు ఎప్పుడు పెట్టారంటే మదర్స్ డే వీకెండ్‌లో, శనివారం పొద్దున్న. చాలా తెలివైన పని అది. పూలు కొనడానికి ఎలాగూ బయటికి వస్తారు, అమ్మతో ఎలాగూ ఉంటారు, ఆ ఊళ్ళో మదర్స్ డే అంటే ముందు రోజు పరుగు అన్నట్టు అయిపోయింది. మనకి వినాయక చవితి ముందు రోజు పత్రి కొనడం ఎలాగో వాళ్ళకి అదలాగ.

మధ్యలో రిబ్బన్ గురించి ఒక మాట, ఎందుకంటే ఎప్పుడు మాట్లాడినా ఎవరో ఒకరు అడుగుతారు. పింక్ రిబ్బన్ మొదట పింక్ కాదు. కాలిఫోర్నియాలో షార్లెట్ హేలీ అని ఒక పెద్దావిడ, అరవై ఎనిమిదేళ్ళు, వాళ్ళింట్లో కూతురికి, అక్కకి, అమ్మమ్మకి అందరికీ ఇదే జబ్బు, ఆవిడ డైనింగ్ టేబుల్ మీద కూర్చుని పీచ్ రంగు రిబ్బన్లు చేసేది. ఐదేసి రిబ్బన్లతో ఒక కార్డు, కార్డు మీద ప్రభుత్వ క్యాన్సర్ సంస్థ బడ్జెట్‌లో నివారణకి పెట్టేది 5 శాతమే, మన లీడర్లని లేపండి అని రాసి పంచేది. 1992లో ఒక మ్యాగజైన్ వాళ్ళు, ఎస్టీ లాడర్ అనే మేకప్ కంపెనీ వాళ్ళు వచ్చి మీ రిబ్బన్ మేం వాడుకుంటాం అన్నారు, ఆవిడ కమర్షియల్ చెయ్యను పొండి అంది. వాళ్ళు రంగు మార్చేశారు, అంతే. కోమెన్ వాళ్ళు కూడా 1991లో న్యూయార్క్ పరుగులో పింక్ రిబ్బన్లు పంచారు. ఆ పెద్దావిడ కార్డు మీద ప్రశ్న ఉంది చూడండి, రంగు మారినప్పుడు ఆ ప్రశ్న రాలిపోయింది. నాకు అదొక్కటే బాధ.

సరే, పియోరియాకి వద్దాం, కానీ అంతకన్నా ముందు పిన్ని గురించి చెప్పాలి. 

మా పిన్నిది తెనాలి. 2007లో రొమ్ములో గడ్డ తగిలింది. నొప్పి లేదు. నొప్పి లేదు కాబట్టి ఏం కాదనుకుంది, వేడి చేసిందేమో అనుకుని పసుపు ముద్ద వేసుకునేది, బాబాయికి కూడా చెప్పలేదు. ఈ గడ్డలు చాలావరకు నొప్పి పెట్టవండీ, అదే తంటా, పంటి నొప్పికి పరిగెడతాం, దీనికి పరిగెత్తం. ఏడాది దాటాక, చర్మం లోపలికి లాగేసి, జాకెట్టుకి తడి అంటుకుంటుంటే అప్పుడు మా చెల్లి చూసి గోల పెట్టింది. అప్పటికి ఎముకల్లోకి వెళ్ళిపోయింది. 2009 జనవరిలో పోయింది. నేను వెళ్ళలేకపోయాను, వీసా స్టాంపింగ్ గొడవ, మీకు తెలిసిందే.

ఆ మే నెలలో పక్కింటి జూడీ, పేరు మార్చి చెప్తున్నా, రేపు పరుగుంది వస్తావా అంది. నేను జన్మలో పరిగెత్తలేదు. నడవచ్చు అంది. వెళ్ళాను. పొద్దున్న ఆరున్నర, మే నెలైనా చలి, అందరికీ తెల్ల టీషర్టులు, జబ్బు దాటి వచ్చినవాళ్ళకి మాత్రం పింక్ టీషర్టు. అంతమంది తెల్లలో అక్కడక్కడా పింక్. నేను వాళ్ళని లెక్కపెట్టడం మొదలుపెట్టి ఆపేశాను, అన్ని ఉన్నాయి. నాకేం తెలుసండీ అప్పటిదాకా, నాకు తెలిసిన ఒకే ఒక్క మనిషి చనిపోయింది, ఈ జబ్బొస్తే పోతారు అన్నదే నాకు తెలుసు, ఇక్కడ చూస్తే డెబ్భై ఏళ్ళ మామ్మ పదిహేనేళ్ళ కిందట వచ్చిందని చెప్తూ డోనట్ తింటోంది.

తర్వాత ఒక కార్డు ఇచ్చారు. వీపుకి పెట్టుకోవాలి, పింక్ కాగితం, ఎవరి జ్ఞాపకంగా నడుస్తున్నారో పేరు రాయాలి. మార్కర్ పట్టుకుని ఇంగ్లీషులో రాయబోయాను, చెయ్యి ఆడలేదు. తెలుగులో రాశాను, పెద్దపెద్ద అక్షరాలు, సామ్రాజ్యం పిన్ని అని. దాన్ని నాలుగు పిన్నీసులతో జూడీ నా వీపుకి గుచ్చింది. దారంతా వెనకాల నడిచేవాళ్ళు ఒకటే అడగడం, ఆ గుండ్రటి అక్షరాలు ఏంటి, ఏ భాష అని. చెప్పాను. మా అమ్మ చెల్లెలు, మా ఇంట్లో మేము ఆమెని చిన్నమ్మ అనే అర్థంలో పిలుస్తాం అని. ఆ నాలుగు నెలల్లో మా ఇంట్లో కూడా ఎవరితోనూ అన్ని మాటలు మాట్లాడలేదు నేను పిన్ని గురించి.

ఆ మరుసటి ఏడాది నుంచి వాలంటీర్‌ని.

ఇప్పుడు అసలు విషయం, చాప్టర్ అంటే ఏం చేసేది. జనానికి పరుగు కనిపిస్తుంది, రిబ్బన్ కనిపిస్తుంది. వచ్చిన డబ్బులో ఖర్చులు పోను 75 శాతం దాకా ఆ చుట్టుపక్కలే ఉండాలి, 25 శాతం డల్లాస్ హెడ్డాఫీస్ ద్వారా రీసెర్చ్‌కి వెళ్ళాలి, అప్పట్లో ఇది రూలు. చుట్టుపక్కలే ఉన్న ఆ ముప్పావు వంతుతో ఏం చేశారంటే కౌంటీ, అంటే మన జిల్లాలాంటిది, ఆ హెల్త్ డిపార్ట్‌మెంట్లకి, ఆసుపత్రులకి గ్రాంట్లు. ఇన్సూరెన్స్ లేనివాళ్ళకి మామోగ్రామ్, అంటే రొమ్ము ఎక్స్‌రే, దాని తర్వాత అవసరమైతే అల్ట్రాసౌండ్, చిన్న ముక్క తీసి చూసే బయాప్సీ. పొలాల మధ్య ఊళ్ళ నుంచి రేడియేషన్‌కి రోజూ రావాలంటే పెట్రోల్ ఖర్చు. ఇవన్నీ చాలా చప్ప పనులు. ఫోటో దిగడానికి పనికిరావు.

మనవాళ్ళ సంగతి ఒకటి చెప్తా. 2010 ప్రాంతంలో ఒకమ్మాయి, హెచ్ ఫోర్ మీద, అంటే భర్త వీసా మీద ఆధారపడే వీసా మీద ఉంది, భర్తకి ప్రాజెక్ట్ అయిపోయి పని లేకుండా బెంచ్ మీద, ఇన్సూరెన్స్ కట్ అయింది. గడ్డ తగిలింది. ఇండియా వెళ్ళిపోదాం అంటే టికెట్, వెళ్తే మళ్ళీ రావడం ఎలా అని భయం, ఇక్కడ అడుగుదాం అంటే బిల్లు భయం. గుళ్ళో ప్రసాదం దగ్గర నా చెవిలో చెప్పింది, అక్కా ఎవరికీ చెప్పకు అని. నేను చాప్టర్‌కి ఫోన్ చేశా, వాళ్ళు ఒక నంబర్ ఇచ్చారు, ఆ నంబర్‌కి చేస్తే అపాయింట్‌మెంట్ ఇచ్చారు, మామోగ్రామ్ అయింది, అల్ట్రాసౌండ్ అయింది, ఆ పిల్ల పైసా కట్టలేదు. అది క్యాన్సర్ కాదు, మామూలు గడ్డ. కథ అంతే, ఏ డ్రామా లేదు. కానీ ఆ పిల్ల ఆ మూడు వారాలు నిద్రపోలేదండీ, ఆ నంబర్ లేకపోతే మూడు వారాలు కాదు, ప్రాజెక్ట్ దొరికేదాకా, ఆరు నెలలో ఏడాదో, మా పిన్నిలాగే.

డబ్బు విషయంలో తలనొప్పులు లేవా అంటే బోలెడు. 2010లోనే కేఎఫ్‌సీ పింక్ బకెట్లు పెట్టింది, బకెట్‌కి 50 సెంట్లు కోమెన్‌కి. వేయించిన చికెన్ తిని క్యాన్సర్‌ని ఓడిద్దాం అన్నట్టు. మా మీటింగ్‌లోనే ఒక నర్సు లేచి ఇదేంటి అని అడిగింది, అందరూ నేల చూశారు. 2014లో ఇంకా ఘోరం, ఆయిల్ బావులు తవ్వే డ్రిల్ బిట్లకి, వెయ్యింటికి, పింక్ రంగు వేశారు ఒక కంపెనీవాళ్ళు, బేకర్ హ్యూస్ అని, లక్ష డాలర్లు ఇచ్చారు. మన పియోరియాలో అయితే పసుపు బుల్డోజర్‌కి పింక్ వేస్తారేమో అని జోకులేసుకున్నాం. పింక్ వేసి అమ్ముకోవడం అనేది ఒక వ్యాపారం అయిపోయిందని శాన్‌ఫ్రాన్సిస్కోలో బ్రెస్ట్ క్యాన్సర్ యాక్షన్ అనేవాళ్ళు 2002 నుంచే మొత్తుకుంటున్నారు, నా ఓటు వాళ్ళకే. చాప్టర్‌లో పనిచేసినదాన్నే అయినా.

2012 జనవరి ఆఖర్లో వచ్చింది అసలు తుఫాను. ప్లాన్డ్ పేరెంట్‌హుడ్ అని ఆడవాళ్ళకి క్లినిక్‌లు నడిపే సంస్థకి ఇచ్చే గ్రాంట్లు కోమెన్ ఆపేస్తున్నట్టు వార్త బయటికొచ్చింది, వాళ్ళు రొమ్ము పరీక్షలూ చేస్తారు, అబార్షన్లూ చేస్తారు, కాబట్టి రెండు వైపులా జనం. మూడు రోజులకి, ఫిబ్రవరి 3న, సారీ చెప్పి వెనక్కి తీసుకున్నారు. దాంతో ఆపినందుకు వీళ్ళకి కోపం, మళ్ళీ ఇచ్చినందుకు వాళ్ళకి కోపం. నేను ఎవరిది తప్పు ఎవరిది ఒప్పు అని ఇప్పుడు పంచాయితీ పెట్టను, లంచ్ అరగదు. నేను చూసింది ఏంటంటే, డల్లాస్‌లో తుమ్మితే పియోరియాలో జలుబు. నిర్ణయం మాది కాదు, మాకు ముందు తెలీదు కూడా, తిట్లు మాత్రం మాకు. ఏళ్ళ తరబడి టీమ్ కట్టుకుని వచ్చిన ఒకావిడ ఆ ఏడు రానని మెసేజ్ పెట్టింది. చాలా ఊళ్ళలో ఆ ఏడు పరుగుకి జనం తగ్గారు. జనం తగ్గితే పోయేది డల్లాస్‌లో ఎవరి జీతమో కాదు, ఏదో కౌంటీలో ఎవరి మామోగ్రామో. ఇది ఆరోజు ఎవరికీ చెప్పలేకపోయాం.

తర్వాత మెల్లగా సన్నబడింది. 2020లో డల్లాస్ నుంచి కబురు వచ్చింది, ఇక ఊరూరా విడివిడి చాప్టర్లు ఉండవు, అంతా ఒకటే సంస్థ అని. అంతలో కోవిడ్. పరుగులు లేవు, ఫోన్‌లో చూసుకుంటూ ఎవరింటి చుట్టూ వాళ్ళు నడవడం. 2021కల్లా చాప్టర్లన్నీ కలిపేశారు. లెక్కలు చూస్తే వాళ్ళన్నదీ నిజమే, ప్రతి ఊళ్ళో అద్దె, ప్రతి ఊళ్ళో ఆడిట్ ఎందుకు, ఒక్క హెల్ప్‌లైన్ పెడితే దేశమంతా ఫోన్ చేసుకోవచ్చు. చేసుకోవచ్చు, కాదనను. కానీ గుళ్ళో ప్రసాదం దగ్గర చెవిలో చెప్పిన పిల్ల హెల్ప్‌లైన్‌కి చేస్తుందా? నాకు నమ్మకం లేదు. ఊళ్ళో తెలిసిన మొహం ఉండాలి. సూసన్‌ని ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్ళనివ్వకుండా ఆపింది తెలిసిన మొహమే, ఈ పిల్లని మామోగ్రామ్‌కి తీసుకెళ్ళిందీ తెలిసిన మొహమే, ఏం చేస్తాం.

మన దగ్గర కూడా ఇలాంటిది ఉందండీ. హైదరాబాద్‌లో 2007లో డాక్టర్ రఘురామ్‌గారు వాళ్ళమ్మగారి పేరు మీద ఉషాలక్ష్మి బ్రెస్ట్ క్యాన్సర్ ఫౌండేషన్ పెట్టారు, ఆవిడ కూడా డాక్టరే, ఆవిడకీ ఈ జబ్బు వచ్చింది. ఇక్కడ అక్క పేరు, అక్కడ అమ్మ పేరు. పింక్ వాక్‌లు వాళ్ళూ చేశారు, కానీ నాకు నచ్చింది పల్లెల పని, ఆశా వర్కర్లకి ట్రైనింగ్ ఇప్పించి రెండు రాష్ట్రాల ఊళ్ళలో ఆడవాళ్ళకి చేత్తో చేసే పరీక్షలు చేయించారు. ఆశా వర్కర్ అంటే ఊళ్ళో తెలిసిన మొహం కదా మరి. 2007 అంటే మా పిన్నికి గడ్డ తగిలిన ఏడాది, అది గుర్తొస్తే నాకు అదోలా ఉంటుంది. 2022లో ఇండియాలో కొత్తగా ఈ జబ్బు వచ్చినవాళ్ళు లక్షా తొంభై రెండు వేలమంది అని అంచనా.

ఇక్కడ ఇప్పుడు సలహా ఏంటంటే నలభై నుంచి డెబ్భై నాలుగు దాకా రెండేళ్ళకోసారి మామోగ్రామ్, 2024లో మార్చి చెప్పారు, ఇంట్లో ఎవరికైనా ఉంటే ముందే మొదలుపెట్టాలేమో డాక్టర్‌ని అడగాలి. విజిటర్ ఇన్సూరెన్స్ మీద అత్తగార్లని, అమ్మల్ని తెచ్చుకుంటున్నాం కదా, ఆ పాలసీల్లో చాలావరకు ఈ చెకప్‌లు కవర్ అవ్వవు. ఫ్లైట్ ఎక్కకముందే ఊళ్ళో చేయించండి. తెనాలిలో కూడా ఉన్నాయి ఇప్పుడు మిషన్లు.

మేము పియోరియా నుంచి ఇక్కడికి ఎలా వచ్చామంటే, క్యాటర్‌పిల్లర్ హెడ్డాఫీస్ ముందు చికాగో పక్కకి వెళ్ళింది, 2022లో ఇర్వింగ్ అన్నారు, మా ఆయన ప్రాజెక్టూ ఆ వెనకే. అక్క ఊరి నుంచి చెల్లెలి ఊరికి వచ్చి పడ్డాం. అక్కడ చాప్టర్ సామాన్లు ఖాళీ చేసిన రోజు నేనూ వెళ్ళాను, బ్యానర్లు, మడత టేబుళ్ళు, ఒక పెట్టె నిండా ఎక్స్‌ట్రా లార్జ్ టీషర్టులు, అవెప్పుడూ మిగిలిపోతాయి. ఎవరికి కావాల్సింది వాళ్ళు తీసుకోండి అన్నారు. నేను పిన్నీసుల డబ్బా తెచ్చుకున్నాను. మనిషికి నాలుగు చొప్పున పంచగా మిగిలినవి, వెయ్యి పైనే ఉంటాయి. మూడేళ్ళుగా చీర కుచ్చిళ్ళకి, పైటకి అవే. ఇందాక బతుకమ్మ దగ్గర ముగ్గురు నలుగురు పిన్ను ఉందా అక్కా అని అడిగి పెట్టుకున్నారు చూడండి, అవి కూడా అందులోవే.

ఆ, ఆంటీగారు చెయ్యెత్తారు, మైక్ అటు ఇవ్వండమ్మా.